బిడ్డ పౌరుడు, తలిదండ్రులు పరదేశులు



మన సంఘములలో ప్రార్థన మనవులు చెప్పుకొను సమయమున పూర్వము వర్షము కొరకును, కాలువ నీటి కొరకును, జబ్బుపడినవారి కొరకును మనవి చేసెడివారు. ఇప్పుడు గుడివాడ ప్రాంతమున గాని, బందరులో గాని, దివిసీమ పల్లెలలో గాని మరియొక మనవి కూడ వినబడుచున్నది. "మా అబ్బాయికి అమెరికాలో ఉద్యోగము పోయినది, గడువు దగ్గరపడుచున్నది, మనుమరాలు అక్కడనే పుట్టినది, వారిని జ్ఞాపకము చేసికొనుడి" అని తల్లులు లేచి చెప్పుచున్నారు.

వినినవారు జాలిపడుదురు. అయినను ఆ మనవిలోని చిక్కు చాలమందికి బోధపడదు. బిడ్డ ఆ దేశపు పౌరురాలైనప్పుడు తలిదండ్రులను ఎట్లు పొమ్మందురు? తలిదండ్రులు పోవలసివచ్చినప్పుడు బిడ్డ గతి ఏమి? ఇక్కడికి వచ్చిన పిమ్మట ఆ బిడ్డ మన దేశమునకు ఏమగును? ఈ మూడు ప్రశ్నలను చరిత్ర వెలుగులో విచారింతము. తెలియని సంగతిని గూర్చి భయపడుట కంటె తెలిసిన సంగతిని గూర్చి ప్రార్థించుట మేలు గదా.

బానిసల బిడ్డల కొరకు తెరచిన ద్వారము

అమెరికా దేశములో పుట్టిన బిడ్డకు ఆ దేశపు పౌరసత్వము వచ్చుననుట మనకు తెలిసిన మాటయే. అయితే అది ఎవరి నిమిత్తము ఏర్పడెనో మీకు తెలియునా? అది ధనికుల కొరకు గాని, చదువుకొని వలసవచ్చిన వారి కొరకు గాని ఏర్పడలేదు. 1857లో ఆ దేశపు సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ అను బానిస తెచ్చిన వ్యాజ్యములో, నల్లజాతివారు ఆ నేలమీదనే పుట్టినను, స్వతంత్రులైనను, పౌరులు కానేరరని తీర్పు చెప్పెను. తరువాత 1861 మొదలు 1865 వరకు ఆ దేశములో అంతర్యుద్ధము జరిగి బానిసత్వము రద్దాయెను. విడుదలైన లక్షలాది జనులను ఏ దేశపువారని చెప్పవలెను? ఆ ప్రశ్నకు జవాబుగా 1868 జూలైలో రాజ్యాంగమునకు పదునాలుగవ సవరణ చేర్చిరి. ఆ దేశములో పుట్టి, ఆ దేశపు అధికారమునకు లోబడినవారందరు పౌరులే అని అది నిర్ణయించెను.

కాబట్టి డల్లాసులో పుట్టిన మీ మనుమరాలు ఏ ద్వారమున పౌరురాలాయెనో, ఆ ద్వారము మొదట పత్తిచేలలో కొరడా దెబ్బలు తినిన బానిసల బిడ్డల కొరకు తెరువబడినది. ఈ సంగతి మరువరాదు.

వాంగ్ కిమ్ ఆర్క్ వ్యాజ్యము

ఆ ద్వారము పరదేశుల బిడ్డలకు కూడ వర్తించునా అను సంశయము ముప్పది యేండ్లు నిలిచియుండెను. 1873లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున చైనా దేశస్థులైన దంపతులకు వాంగ్ కిమ్ ఆర్క్ అను కుమారుడు పుట్టెను. 1882లో చైనా కూలీలు రాకూడదని అమెరికా శాసనము చేసెను. చైనావారు పౌరసత్వము కోరి పొందుటకు కూడ వీలులేకుండెను. వాంగ్ తలిదండ్రులు చైనాకు మరలిపోయిరి. కుమారుడు మాత్రము అమెరికాలోనే వంటపని చేసికొని బ్రతుకుచుండెను. అతడు తనవారిని చూడబోయి 1895 ఆగస్టులో తిరిగి రాగా రేవు అధికారులు, "నీవు పౌరుడవు కావు" అని దిగనీయలేదు. కొన్ని నెలలు అతనిని రేవులోని ఓడలమీదనే నిలిపియుంచిరి.

అతడు వెనుకకు పోలేదు, న్యాయస్థానమున నిలిచెను. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. తలిదండ్రులు పరదేశులైనను, ఆ దేశములో కాపురముండగా పుట్టిన బిడ్డ పౌరుడే అనునది ఆ తీర్పు సారాంశము. నేటి మన ఇండ్లలోని స్థితి, అనగా బిడ్డ పౌరుడు, తలిదండ్రులు పరదేశులు అనునది, ఆనాడే చట్టములో స్థిరపడెను. అయితే గమనించుడి: ఆ తీర్పు బిడ్డకు హక్కు ఇచ్చెను గాని తలిదండ్రులకు ఏమియు ఇయ్యలేదు.

బిడ్డ పేర కొనిన పొలము

కృష్ణా డెల్టా వారికి పొలము విలువ తెలియును గనుక ఒక పొలము కథ చెప్పెదను. 1913లో కాలిఫోర్నియా రాష్ట్రము, పౌరులగుటకు అర్హతలేని పరదేశులు వ్యవసాయ భూమి కొనరాదని శాసించెను. జపానువారికి పౌరసత్వము పొందు అర్హత లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ అను సిక్కు సోదరుని వ్యాజ్యములో, హిందూదేశస్థులకు కూడ ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు నిర్ణయించెను. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ కాలముననే వైద్యవిద్య నిమిత్తము బోస్టను చేరిరి. లోకమునకు గొప్ప మందులు ఇచ్చిన ఆయన 1948లో మరణించు వరకు ఆ దేశమున పరదేశిగానే యుండిరి.

పరదేశియైన రైతు ఏమి చేయవలెను? ఆ దేశములో పుట్టిన తన బిడ్డ పేర పొలము కొనుటయే దారి. జపానువారును, పంజాబు రైతులును ఇట్లు చేసిరి. కాజిరో ఒయామా అను జపాను రైతు 1934లో తన కుమారుడు ఫ్రెడ్ పేర ఆరు ఎకరములు కొనెను. అప్పుడా పిల్లవాని వయస్సు ఆరేండ్లు. యుద్ధకాలమున 1942లో జపాను సంతతివారినందరిని పడమటి తీరమునుండి వెళ్ళగొట్టిరి. ఒయామా కుటుంబము కూడ ఇల్లు విడిచి పోయెను. వారు లేని సమయమున, 1944లో, ఆ పొలము తనకు చెందవలెనని రాష్ట్ర ప్రభుత్వము దావా వేసెను. 1948 జనవరిలో సుప్రీంకోర్టు, తండ్రి జపానువాడైన కారణమున పౌరుడైన కుమారునికి తక్కువ చేయరాదని తీర్పు చెప్పి పొలము అతనిదే అనెను.

చూచితిరా? తండ్రికి లేని హక్కు పసివానికి కలదు. పసివాని పేరు తండ్రికి నీడ. కాని ఆ నీడ తండ్రిని ఇల్లు విడిచిపోకుండ కాపాడలేకపోయెను.

అమ్మ చేయి పట్టుకొని రైలెక్కిన పౌరులు

ఇంకొక సంగతి కలదు. 1929లో అమెరికాలో గొప్ప ఆర్థిక మాంద్యము వచ్చెను. పనులు లేవు. అప్పుడు, "మెక్సికోవారు మన పనులు తీసికొనుచున్నారు" అని కేకలు వేసిరి. 1930 తరువాతి సంవత్సరములలో లక్షలాది మెక్సికో సంతతివారిని రైళ్ళలోను, బండ్లలోను సరిహద్దు దాటించిరి. కొందరిని పట్టుకొని పంపిరి. అనేకులను బెదరించియు, ధర్మసహాయము నిలిపియు తమంతట తామే పోవునట్లు చేసిరి. అట్లు పోయిన వారిలో అమెరికాలోనే పుట్టిన పౌరులు బహుమంది. వారిలో చాలమంది చిన్నపిల్లలు.

చట్టము ఆ పిల్లలను పొమ్మని చెప్పలేదు. తండ్రిని పొమ్మన్నది, తల్లి వెంట పోయినది, తల్లి చేయి పట్టుకొని బిడ్డ వెళ్ళెను. భాష సరిగా రాని దేశములో ఆ పిల్లలు పెరిగిరి. అక్కడివారు వారిని అమెరికావారనిరి, అమెరికావారు మెక్సికోవారనిరి. పెద్దవారైన పిమ్మట కొందరు తమ పుట్టిన పత్రము చూపి తిరిగి వచ్చిరి. డెబ్బది యేండ్లు గడచిన తరువాత, 2005లో, కాలిఫోర్నియా రాష్ట్రము చట్టము చేసి, జరిగినదానికి క్షమాపణ చెప్పెను. అప్పటికి ఆ పిల్లలలో అనేకులు సమాధులలో ఉండిరి.

మన రంగం జ్ఞాపకము

దూరదేశపు కథలు చాలును. మన తెలుగువారి కథకు వత్తము. రంగం అను మాట మీ తాతల నోట వినియుందురు. రంగూను పట్టణమును తెలుగువారు అట్లు పిలిచిరి. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై కృష్ణా డెల్టాకు నీరు వచ్చిన తరువాత మన ప్రాంతమున వరిపొలము పని దొరకెను గాని, శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి వేలకొలది ఓడలెక్కి బర్మాకు పోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి అక్కడ మనవారిని కోరంగీలనిరి. రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మరలలో పనిచేయుట, రిక్షాలు లాగుట వారి వృత్తులు. 1931 నాటికి బర్మాలో హిందూదేశస్థులు పది లక్షలకు పైగా ఉండిరి. రంగూనులోనైతే సగము జనము మనదేశమువారే. తెలుగు బడులు, తెలుగు గుడులు, తెలుగు క్రైస్తవ సంఘములు అక్కడ వెలసెను.

1930 మే నెలలో రేవు పని విషయమై తెలుగు కూలీలమీద దాడులు జరిగి అనేకులు చనిపోయిరి. 1937లో బర్మా హిందూదేశమునుండి వేరుపడెను. 1942లో జపాను సైన్యము రాగా లక్షలాదిమంది అడవులు, కొండలు దాటి కాలినడకన మనదేశము చేరిరి. త్రోవలో ఆకలికిని, మలేరియాకును, కలరాకును వేలమంది కూలిరి. అయినను యుద్ధము ముగిసిన పిమ్మట కొందరు మరల పోయిరి. ఏల? వారి బిడ్డలు పుట్టిన ఊరు అదియే గనుక.

1948లో బర్మా స్వతంత్రమైనప్పుడు పౌరసత్వ ప్రశ్న వచ్చెను. ఆ దేశపు చట్టము ప్రకారము అక్కడ పుట్టినంత మాత్రమున చాలదు. తలిదండ్రులును, వారి పూర్వులును కూడ ఆ నేలవారైయుండవలెను. లేనియెడల అర్జీ పెట్టుకొని నిరూపించుకొనవలెను. మన కూలీలలో చదువురానివారు ఎక్కువ. కాగితము విలువ వారెరుగరు. అనేకులు అర్జీ పెట్టలేదు.

1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ రాజ్యము చేపట్టెను. 1964లో దుకాణములను, వర్తకమును ప్రభుత్వము వశము చేసికొనెను. అదే సంవత్సరము మే నెలలో యాభై, నూరు చ్యాటుల నోట్లు చెల్లవని ప్రకటించెను. కూడబెట్టిన సొమ్ము ఒక్క రాత్రిలో కాగితమాయెను. మన ప్రభుత్వము ఓడలు పంపెను. ఆ సంవత్సరములలో సుమారు రెండు లక్షలమంది మనదేశమునకు తిరిగివచ్చిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ సంగతికి సాక్షిగా నున్నది. 1969లో మద్రాసులో వీరి పునరావాసము నిమిత్తము రెప్కో అను సహకార బ్యాంకు స్థాపించిరి.

ఓడ దిగిన పిల్లలను తలపోయుడి. వారు బర్మాలో పుట్టిరి; బర్మా మాట ఆడిరి; అచ్చటి తిండి తినిరి. కాని ఆ దేశము వారిని తనవారనలేదు. ఈ దేశము వారిని పౌరులని చేర్చుకొనెను గాని, ఊరివారు "బర్మావాళ్ళు" అని పిలిచిరి. తలిదండ్రులకు ఇది స్వదేశము. పిల్లలకు ఇది పరదేశము. తిరిగివచ్చుట అను మాట తండ్రి విషయమున నిజము. బిడ్డ విషయమున నిజము కాదు. ఈ భేదమును గుర్తెరుగుడి. నేటి మన కుటుంబములకు కూడ ఇదే వర్తించును.

నేటి చిక్కు ఎట్లు పుట్టెను?

1946లో హిందూదేశస్థులు అమెరికా పౌరసత్వము కోరవచ్చునని శాసనమాయెను. అయితే ఏటికి నూరుమందికే ప్రవేశము. 1965 చట్టము దేశములవారీ పాత లెక్కలు తీసివేయగా మన వైద్యులు, ఇంజనీర్లు పోసాగిరి. 1990 చట్టము హెచ్-1బి అను ఉద్యోగ వీసాను ఏర్పరచెను. తరువాత కంప్యూటరు పని పెరిగెను. మన జిల్లాలో ఇంజనీరింగు కళాశాలలు పెరిగెను. ఎకరము, రెండెకరములు అమ్మి, తాకట్టు పెట్టి బిడ్డలను పంపినవారు మనలో కలరు.

ఈ వీసా మొదట మూడేండ్లకు, తరువాత మరి మూడేండ్లకు ఇత్తురు. శాశ్వత నివాసమునకు గ్రీన్ కార్డు కావలెను. ఉద్యోగము ద్వారా ఏటికి సుమారు 1,40,000 కార్డులు ఇచ్చు ఏర్పాటు కలదు; అందులో ఒక్క దేశమువారికి నూటికి ఏడు వంతులకు మించి ఇయ్యరాదని సామాన్య నియమము. చిన్న దేశమునకును అదే కొలత, మన పెద్ద దేశమునకును అదే కొలత. అందుచేత మనవారి వరుస ఎన్నో యేండ్లు సాగుచున్నది. వరుసలో నున్నవారు ఆరేండ్లు దాటినను వీసా పొడిగించుకొనవచ్చును. అయితే ఉద్యోగము ఉండవలెను. ఉద్యోగము పోయినయెడల 2017లో వచ్చిన నియమము ప్రకారము అరువది దినములకు మించని గడువు. ఆలోగా మరియొక యజమానుడు దొరకవలెను, లేదా వేరొక వీసాకు అర్జీ పెట్టవలెను, లేదా దేశము విడువవలెను.

ఈలోగా కాలము ఊరకుండదు. పెండ్లియగును, బిడ్డ పుట్టును, ఇల్లు కొందురు, బిడ్డ బడికి పోవును. బిడ్డ పౌరుడు గదా, తలిదండ్రులను నిలుపలేడా? నిలుపలేడు. ఆ బిడ్డ ఇరువదియొక్క యేండ్లవాడైన పిమ్మటనే తలిదండ్రుల కొరకు అర్జీ పెట్టగలడు. ఊయలలోని బిడ్డ ఎవరికిని వీసా ఇయ్యలేడు. కావున "అక్కడ బిడ్డను కని పాతుకొనిరి" అని మన అరుగులమీద చెప్పుకొను మాట తెలియక చెప్పు మాట.

ఒక్క ఇంటిలోనే ఇంకొక వింత చూడుము. పెద్ద కుమార్తె గుడివాడలో పుట్టి చిన్నతనముననే తలిదండ్రులతో వెళ్ళినది. తమ్ముడు అక్కడ పుట్టెను. ఇద్దరును ఒకే బడిలో చదివిరి, ఒకే బల్లయొద్ద భుజించిరి. తమ్ముడు పౌరుడు. అక్క తండ్రి వీసాపై ఆధారపడినది. ఇరువదియొక్క యేండ్లు నిండగానే ఆ ఆధారము తెగిపోవును. తరువాత ఆమె విద్యార్థి వీసాయో, మరియొకటియో వెదకికొనవలెను. ఒకే తల్లి బిడ్డలలో ఒకడు ఇంటివాడు, ఒకతె అతిథి.

2025 జనవరి 20న ఆ దేశాధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తరువు చేసెను. తల్లి తాత్కాలిక వీసామీద నుండి, తండ్రి పౌరుడు గాని శాశ్వత నివాసి గాని కానియెడల, ఇకమీదట పుట్టు బిడ్డకు పౌరసత్వము లేదని దాని భావము. 1868 సవరణను, 1898 తీర్పును చూపి అనేకులు కోర్టులకు పోయిరి. మూడు దినములలోనే సియాటిల్ న్యాయమూర్తి ఆ ఉత్తరువును ఆపెను. జూన్ 27న సుప్రీంకోర్టు క్రింది న్యాయమూర్తుల దేశవ్యాప్త నిషేధములకు హద్దు పెట్టెను. జూలైలో న్యూ హాంప్‌షైర్ న్యాయమూర్తి అట్టి బిడ్డలందరి పక్షమున మరల ఆపెను. డిసెంబరులో సుప్రీంకోర్టు అసలు ప్రశ్నను విచారించుటకు అంగీకరించెను. ఆ యేడే సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి అర్జీలమీద లక్ష డాలర్ల రుసుము విధించిరి. ఈ వార్తలు రాగా మన ఊళ్ళలో ఎన్నో పుకార్లు పుట్టెను. ఆ ఉత్తరువు దాని తేదీకి ముందు పుట్టిన బిడ్డలను ముట్టలేదని తెలియక, అయిదేండ్ల మనుమని గూర్చి నిద్రమానిన తాతయ్యలు కలరు. ఫోనులో వచ్చు ప్రతి మాటను నమ్మకుడి. ఇట్టి విషయములలో చట్టము తెలిసినవారి మాటయే ఆధారము.

వచ్చిన బిడ్డ మనకు ఏమగును?

ఇప్పుడు మూడవ ప్రశ్న. మన రాజ్యాంగము రెండు దేశముల పౌరసత్వమును ఒప్పుకొనదు. 1955 పౌరసత్వ చట్టము ప్రకారము విదేశములో మన పౌరులకు పుట్టిన బిడ్డను, వేరే దేశపు పాస్‌పోర్టు లేదని చెప్పి, ఏడాదిలోగా మన దౌత్య కార్యాలయములో నమోదు చేయించిన యెడల భారత పౌరుడగును. అమెరికా పాస్‌పోర్టు తీసికొనినచో ఆ మార్గము లేదు. ఆ బిడ్డ మనదేశమునకు విదేశీయుడే. నాయనమ్మ ఇంటికి వచ్చుటకు కూడ వీసా కావలెను.

ఈ కష్టము తీర్చుటకు 2005లో చట్టము సవరించి ఓ.సి.ఐ. కార్డు అను ఏర్పాటు చేసిరి. అది ఉన్న బిడ్డ ఎన్నిసార్లైనను రావచ్చును, ఎంతకాలమైనను ఉండవచ్చును, చదువుకొనవచ్చును. అయితే పెద్దవాడైనను ఓటు లేదు. ప్రభుత్వోద్యోగము సామాన్యముగా లేదు. వ్యవసాయ భూమి కొనరాదు. తాతయ్యనుండి వారసత్వముగా వచ్చు పొలమును మాత్రము పొందవచ్చును. వైద్యవిద్య ప్రవేశములలో 2021 నుండి క్రొత్త నిబంధనలు వచ్చినవి గనుక, అట్టి చదువు తలపెట్టువారు ముందుగా విచారించుకొనవలెను. ఇక్కడ ఎన్ని యేండ్లు పెరిగినను ఆ బిడ్డ అమెరికా పౌరసత్వము పోదు. పెద్దవాడై ఎప్పుడైనను పోవచ్చును.

కాబట్టి తిరిగి రానున్న కుటుంబములకు మీరు చెప్పవలసినది ఇది. బిడ్డ పుట్టిన పత్రము, పాస్‌పోర్టు, ఓ.సి.ఐ. కార్డు, టీకాల పుస్తకము, బడి కాగితములు చేతిసంచిలో పెట్టుకొని రావలెను. పదునారేండ్లలోపు బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు కావలెనన్న సామాన్యముగా తలిదండ్రులిద్దరి సమ్మతి కావలెను గనుక, ఒకరు ముందు ఒకరు వెనుక ప్రయాణము చేయువారు ఆ పని ముందే ముగించుకొనవలెను. రంగంలో మనవారికి కాగితము లేక కలిగిన నష్టము చూచితిమి. కాగితము మనిషికంటె గొప్పది కాదు. అయినను కాగితము లేని మనిషిని లోకము లెక్కచేయదు.

సంఘము చేయవలసిన పని

అపొస్తలుడైన పౌలు జీవితములో పౌరసత్వపు మాట రెండుసార్లు స్పష్టముగా కనబడును. యెరూషలేములో అతనిని కొరడాలతో కొట్టబోవగా తాను రోమా పౌరుడనని చెప్పెను. సహస్రాధిపతి తాను గొప్ప వెల యిచ్చి ఆ హక్కు కొనితిననెను. పౌలు తనకది పుట్టుకతో వచ్చినదనెను. ఫిలిప్పీలో దెబ్బలు తినిన మరునాడు ఆ హక్కును బట్టి అధికారులే వచ్చి బ్రతిమాలునట్లు చేసెను. పౌలు ఆ హక్కును తృణీకరించలేదు. దానిని అతిశయముగా చేసికొననులేదు. అవసరమైన చోట వాడెను. మన బిడ్డలకు కూడ ఇదే నేర్పవలెను. పుట్టుకతో వచ్చిన హక్కు బిడ్డ సంపాదించినది కాదు గనుక గర్వపడరాదు. ఇతరులు ఇచ్చిన భిక్ష కాదు గనుక సిగ్గుపడరాదు.

ఇక పెద్దలమైన మన సంగతి. తిరిగివచ్చిన కుటుంబమును చూచి "ఎందుకు పంపివేసిరి?" అని అడుగువారు మనలో కలరు. వారు దొంగతనము చేసి రాలేదు. ఒక కంపెనీ పని తగ్గించుకొనెను, వరుస కదలలేదు, గడువు ముగిసెను. అంతే. కట్నము పుచ్చుకొని ఎదురుచూచిన వారి మాటలు, అప్పిచ్చినవారి చూపులు, "మా అల్లుడికి గ్రీన్ కార్డు వచ్చింది" అను పోలికలు, ఇవి ఆ ఇంటివారిని కృంగదీయును. కొందరు ఈ సిగ్గుకు వెరచి ఉద్యోగము పోయిన సంగతి తలిదండ్రులకు కూడ చెప్పక, పరాయి దేశమున ఒంటరిగా నలిగిపోవుచున్నారు. తల్లీ, తండ్రీ, మీ బిడ్డకు ఈ వారమే ఫోను చేసి, "వచ్చినను మంచిదే, ఉన్నను మంచిదే, మీరు మాకు కావలెను" అని ఒక్క మాట చెప్పుడి. మీరు అమ్మిన ఎకరము మాట అప్పుడు ఎత్తకుడి.

రెండవది, బిడ్డ దుఃఖమును చిన్నచూపు చూడరాదు. ఎనిమిదేండ్ల పిల్ల తన గదిని, తన పంతులమ్మను, తన స్నేహితురాండ్రను విడిచి వచ్చినది. ఆమెకు తెలుగు వినిన అర్థమగును గాని అక్షరములు రావు. ఎండ, దోమలు, కరెంటు పోవుట ఆమెకు క్రొత్త. ఆమె ఏడ్చిన "అమెరికా పిల్ల, గారాబము" అని నవ్వకుడి. ఆదివారపు బడిలో చదువుమని లేపి, తడబడగా నవ్వు పిల్లలను ఉపాధ్యాయులు మందలించవలెను. అక్షరమాల నేర్పుటకు ఒక పెద్ద పిల్లను జతచేయవలెను. ఆమె నోటనుండి ఒక ఇంగ్లీషు పాట మన పిల్లలు నేర్చుకొన్న మరియు మంచిది. ఇచ్చి పుచ్చుకొనుటలో స్నేహము పుట్టును.

మూడవది, కుటుంబము విడిపోవు ప్రమాదము. తండ్రి అక్కడ పని వెదకుచు, తల్లియు బిడ్డలును ఇక్కడ. లేదా బిడ్డ చదువు చెడునని అక్కడ చుట్టములయింట నుంచి తలిదండ్రులు ఇక్కడ. కొద్దికాలమైన తాళవచ్చును. ఏండ్లు గడచిన బిడ్డ తండ్రిని ఫోనులోని ముఖముగానే ఎరుగును. బిడ్డ పౌరసత్వము ఎక్కడికిని పోదు. బిడ్డ బాల్యము పోవును. ఏది ముందు కాపాడవలెనో ప్రతి కుటుంబము తన మనస్సాక్షియెదుట నిర్ణయించుకొనవలెను. వేరొకరు వారికి తీర్పరులు కారాదు.

1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన వచ్చినప్పుడు వేలమంది చనిపోయిరి. మిగిలినవారికి ఇల్లు లేదు, బట్ట లేదు, పుట్టిన పత్రము లేదు, పొలము కాగితము లేదు. అప్పుడు మన ముఖమెరుగని వారు, మన భాష రానివారు దూరప్రాంతములనుండి వచ్చి శవములు తీసిరి, గంజి పోసిరి, ఇండ్లు కట్టిరి. వారిలో ఎవరును "మీరు ఏ దేశపువారు?" అని మనలను అడుగలేదు. అట్టి మేలు పొందిన నేలమీద మనము నివసించుచున్నాము.

ఏ దేశపు కాగితము చేత పట్టుకొని వచ్చినను, ఆ బిడ్డకు మన వాకిట ఒక పీట, మన పంక్తిలో ఒక ఆకు సిద్ధముగా నుండనిండు. ఆ దేశమున ఇంకను వరుసలో నిలిచియున్నవారిని, వచ్చినవారిని, రానున్నవారిని దేవుడు కాపాడును గాక.